టెంపరరీ ఫైళ్లకు జాగా

మా బావకు వచ్చినంత కంప్యూటర్ పని బాన్సువాడలో మరొకరికి రాదు. ఈ మాట నేను ఇప్పటికీ అంటాను. ఆయన మీద పగ పెట్టుకుని తిరిగినన్నాళ్లూ కూడా అన్నాను. పని రానివాడై ఉంటే నాకంత కోపం వచ్చేది కాదు. తెలిసినవాడు తెలిసే అబద్ధమాడాడు. అది నాకు మింగుడు పడలేదు.

బావ అంటే మా అక్క భర్త. మా మేనత్త కొడుకు కూడా. బస్టాండు నుంచి మార్కెట్‌కు పోయే దారిలో, చెప్పుల దుకాణం పైన ఒక గది కిరాయికి తీసుకుని సాఫ్ట్‌వేర్ పనులు చేసేవాడు. చుట్టుపక్కల రైస్ మిల్లులకు, ఎరువుల దుకాణాలకు, చిన్న దవాఖానలకు లెక్కల ప్రోగ్రాములు ఆయనే పెట్టేవాడు. మాది నస్రుల్లాబాద్ దగ్గర పల్లె. అమ్మ నాట్లకూ కలుపుకూ పోయేది. నాయన వర్ని దారిలో ఒక రైస్ మిల్లులో హమాలీ. నా డిగ్రీ అయిపోగానే బావ మా ఇంటికి వచ్చి, "మామా, పిల్లను నా దగ్గరికి తోలు. పని నేర్పుత," అన్నాడు. అన్నట్టే నేర్పాడు.

టెంపరరీ ఫైళ్ల సంగతి నాకు చెప్పింది ఆయనే. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు ఒక మిల్లు రిపోర్టు ఎంతకీ రావడం లేదు. ఎందుకని అడిగాను.

"రైతు వడ్లు యాడ దాస్తడు?" అన్నాడు బావ.

"ఇంట్ల."

"యాడ ఆరబోస్తడు?"

"రోడ్డు మీద."

"గంతే. డేటాబేస్ లెక్కలన్నీ తన ఇంట్ల దాచుకుంటది. కానీ నువ్వు పెద్ద రిపోర్టు అడిగితే అవన్నీ బయటికి తీసి, పరిచి, వరుసకు పెట్టి చూడాలె. మెమరీల సరిపోకుంటే డిస్క్ మీద పరుస్తది. అవే టెంపరరీ ఫైళ్లు. పని అయినంక ఎత్తేస్తది, ఆనవాలు ఉండది. యాడ పరవాల్నో సెట్టింగుల ఫైల్‌లో ఒక్క లైన్ రాస్తే సరి. రాయకుంటే వాకిట్లనే పరుస్తది. వాకిలి నిండితే ఇంట్లకు పోవస్తదా, బయటికి రావస్తదా?"

ఇంత తేటగా నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఆ మాటలు ఇప్పటికీ నా దగ్గరికి వచ్చేవాళ్లకు అట్లాగే చెబుతాను. ఎవరు చెప్పారో మాత్రం చెప్పను.

మా నాయన పనిచేసే మిల్లులోనూ బావ ప్రోగ్రామే ఉండేది. ఆ మిల్లు యజమాని వాళ్లది కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడిన కుటుంబం. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో బండ్లు తూచే కాంట దగ్గర కంప్యూటర్ చూసుకోవడానికి బావ నన్ను అక్కడికి పంపాడు. నాయన గోదాములో బస్తాలు మోసేవాడు, నేను ఆఫీసు గదిలో కూర్చునేదాన్ని. మధ్యాహ్నం ఇద్దరం ఒకే డబ్బా తినేవాళ్లం. నన్ను ఫ్యాను కింద చూసి నాయన ముఖంలో ఒక వెలుగు కనిపించేది. దాన్ని ఆయన దాచుకోలేకపోయేవాడు. తోటి హమాలీలకు నీళ్లు తాగే నెపం మీద నన్ను చూపించుకునేవాడు.

ఆ కంప్యూటర్లో సీ డ్రైవ్ చిన్నది. విండోసూ, డేటాబేసూ రెండూ దాని మీదే ఉన్నాయి. టెంపరరీ ఫైళ్లు కూడా దాని మీదే పడుతున్నాయి. పక్కన డీ డ్రైవ్ ఇంత పెద్దది ఖాళీగా ఉంది. చూసిన నాడే బావకు ఫోన్ చేశాను.

"బావా, సీజన్ మొత్తం రిపోర్టు అడిగితే సీ డ్రైవ్ నిండుతది. ఆ లైన్ డీ డ్రైవ్‌కు మారుద్దామా?"

"నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలిస్తవ్? డేటాబేస్ ఆపి మళ్ల లేపాలె. కాంట కాడ బండ్లు ఆగుతయి."

"పొద్దుగాల కాంట తెరవకముందే చేస్త."

"చెప్పిన గదా, చెయ్యి పెట్టకు. సీజన్ అయినంక నేనే చూస్త."

నేను చెయ్యి పెట్టలేదు. నిజంగానే పెట్టలేదు.

కొన్నాళ్లకు ఒక ఉదయం యజమాని నా బల్ల దగ్గరికి వచ్చారు. "అమ్మాయ్, మొత్తం సీజన్‌ది తీసివ్వు. ఊరి వారీగా, రైతు వారీగా కావాలి. ఆఫీసర్లు వస్తున్నారు," అన్నారు. నేను మళ్లీ బావకు ఫోన్ చేశాను. ఆయన ఎక్కడో బండి మీద ఉన్నాడు. "తియ్, ఏం గాదు," అని పెట్టేశాడు. తీశాను.

సీ డ్రైవ్ గీత నీలం నుంచి ఎరుపుకు రావడం నా కళ్లముందే జరిగింది. రిపోర్టు రాలేదు. దాంతోపాటు కాంట దగ్గర రసీదులు కూడా ఆగిపోయాయి. డిస్క్ నిండిపోయాక డేటాబేస్ కొత్త తూకం రాసుకోవడానికి చోటు లేదు మరి. గేటు బయట ట్రాక్టర్లు, లారీలు వరుస కట్టాయి. ఎండలో ఉన్న రైతులు ఒక్కొక్కరే ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి, "ఏందమ్మా, ఇంక ఎంతసేపు?" అని అడగసాగారు. నేను ఫోన్ చేస్తూ కూర్చున్నాను.

బావ వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండానే వంగి చూశాడు. సీ డ్రైవ్ చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆ చూపులో ఆయనకు అంతా అర్థమైందని నాకూ అర్థమైంది. మిషన్ ఆపి మళ్లీ లేపాడు. టెంపరరీ ఫైళ్లన్నీ మాయమయ్యాయి. సీ డ్రైవ్ మళ్లీ నీలంగా, ఏమీ ఎరగనట్టు ఉంది. రసీదులు కదిలాయి. జరిగినదాన్ని చూపించడానికి ఇప్పుడు అక్కడేమీ మిగల్లేదు.

"ఏంటయ్యా ఇది? పొద్దున్నే మిల్లు మొత్తం ఆగిపోయింది," అన్నారు యజమాని. గుమ్మం నిండా రైతులు, హమాలీలు.

"సారీ సార్. మా మరదలు నాకు చెప్పకుంట సెట్టింగులు మార్చింది. కొత్తగ నేర్చుకుంటుంది గదా, చేతులు ఊకుండయి. ఇగ ఈడికి పంపను," అన్నాడు బావ.

నేను నోరు తెరిచేలోగా నాయన లోపలికి వచ్చాడు. భుజాల మీద బస్తాల దుమ్ము అట్లాగే ఉంది. తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చంకలో పెట్టుకుని యజమానికి చేతులు జోడించాడు.

"తప్పైంది సారూ. పిల్ల తెల్వక చేసింది. మాఫ్ చెయ్యుండ్రి."

యజమాని ఫోన్లో నంబరు వెతుక్కుంటూ తలెత్తలేదు. అప్పుడు నాయన బావ వైపు తిరిగి, తన సొంత అల్లుడికి, అట్లాగే చేతులు జోడించాడు. బావ ఆ చేతులు పట్టుకుని దింపలేదు. "పో మామా, పోయి పని చూస్కో," అన్నాడు.

నేను నోరు తెరిస్తే అక్కడ అల్లుడు అబద్ధాలకోరు అవుతాడు. అప్పుడు నాయన పెట్టిన దండం ఇంకా చిన్నదవుతుంది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ నాయనకు జరిగింది చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"అల్లుడు గదా బిడ్డా. అక్క ఆ ఇంట్ల ఉన్నది. మీ అమ్మకు చెప్పకు," అన్నాడు.

మర్నాటి నుంచి నేను బావ దుకాణానికి పోలేదు. అక్క ఇంటికి వచ్చి బతిమిలాడింది. "మాట జారిండు. మనసుల పెట్టుకోకు."

"జారలే అక్కా. చూసుకోనే అన్నడు."

నా కుర్చీ ఖాళీగా ఉంచడం ఎందుకని కొన్నాళ్లకు బావ అక్కనే అక్కడ కూర్చోబెట్టాడు. అక్క ఇంటర్‌తో ఆపేసింది గానీ బుర్ర చురుకు. త్వరగానే నేర్చుకుంది.

నేను బాన్సువాడలోనే ఒక పెద్ద ఎరువుల దుకాణంలో చేరాను. దాని యజమానిది తరతరాలుగా ఇక్కడ భూములున్న కుటుంబం, ఒక రైస్ మిల్లు కూడా ఉంది. అందరూ పటేల్ సారు అనేవాళ్లు. నిమ్మళంగా మాట్లాడే మనిషి. వాళ్ల గోదాములన్నింటి లెక్కలు చూసే డేటాబేస్ నా చేతికి వచ్చింది. నేను మొదట చేసిన పని టెంపరరీ ఫైళ్లకు వేరే డిస్క్ మీద చోటు పెట్టడం. ఫోల్డర్ తయారుచేసి, అందులో రాసుకోవడానికి డేటాబేస్‌కు అనుమతి ఇచ్చి, ఆ ఒక్క లైన్ మార్చి, ఆపి లేపాను. అంతా కలిపి టీ చల్లారేలోగా అయిపోయింది. లేచి నీళ్లు తాగాను. ఇంత చిన్న పనికా మా నాయన తువ్వాల తీశాడు అనిపించింది.

పగ అంటే ఎప్పుడూ మండుతూ ఉంటుందనుకుంటారు. నాకట్లా ఉండేది కాదు. పని చేసుకునేదాన్ని, నవ్వేదాన్ని, ఆదివారం చర్చిలో పాటలు పాడేదాన్ని. క్షమించమని పాస్టర్ చెప్పినప్పుడు మాత్రం కళ్లు తెరిచి ముందు వరసలో ఉన్న బావ మెడ వెనక వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

కొంచెం చల్లారేదేమో కూడా. కానీ మా చిన్నమ్మ కూతురి పెళ్లిలో, బంతిలో అందరూ కూర్చుని తింటుండగా బావ నన్ను చూపించి, "మా మరదలితోని జర జాగ్రత్త. ఒక్క బటన్ ఒత్తి మిల్లునే బంద్ చేసింది," అన్నాడు. అందరూ నవ్వారు. అప్పటికి ఆయన ఆ మాటను చాలాచోట్ల అన్నట్టున్నాడు, నవ్వులు ఎక్కడ వస్తాయో తెలిసినట్టు ఆగి ఆగి చెప్పాడు. మా నాయన కూడా నవ్వాడు. నోటితో మాత్రమే నవ్వాడు. నేను విస్తరి మడిచి లేచాను. ఏదో ఒకనాడు జనం మధ్యలో, ఇట్లాగే అందరూ చూస్తుండగా, ఈయన నోరు మూతపడేట్టు చేస్తానని చెయ్యి కడుక్కుంటూ అనుకున్నాను.

అవకాశం పటేల్ సారు రూపంలో వచ్చింది. ఒకరోజు నన్ను పిలిచి, "వర్ని దారి మిల్లు సారు, నేను, ఇంకొకాయన కలిసి మా మిల్లులన్నిటికి ఒక్కటే ప్రోగ్రాం పెడదామనుకుంటున్నం. మీ బావనే చూపెడతడట. నాకేమర్థమైతది? నువ్వొచ్చి పక్కన కూసో," అన్నాడు.

మా చుట్టం కదా, నేను రాను అనొచ్చు. అనలేదు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "సార్, ఆయన మీద నాకు కోపమున్నది. అది తెలుసుకోనే తీస్కపోండ్రి."

పటేల్ సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తప్పు లేనిదాన్ని తప్పంటవా?"

"అనను."

"అయితే రా."

"ఒక్కటి సార్. ఉత్తుత్తి లెక్కలతోని చూపెడితే ఏం తెల్వదు. మన మిల్లులన్నిటి పాత సీజన్లు అందుల ఎక్కించమని చెప్పుండ్రి."

ఆయన ఫోన్ చేసి అదే మాట చెప్పాడు. బావ సరేనన్నాడట.

వర్ని దారి మిల్లులోనే, ఆఫీసు మీద కొత్తగా కట్టిన గదిలో ఆ సమావేశం జరిగింది. మెట్లెక్కుతూ నేను గోదాము వైపు చూశాను. నాయన అప్పటికి బస్తాలు మొయ్యడం మానేశాడు. నడుము సహకరించక ఇంటిపట్టున ఉంటున్నాడు. లోపల పెద్ద టీవీ గోడకు తగిలించి ఉంది. ముగ్గురు యజమానులూ కుర్చీల్లో కూర్చున్నారు. బావ ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. లాప్‌టాప్ ముందు అక్క కూర్చుంది. నన్ను చూసి అక్క చిన్నగా తల ఊపింది. బావ ముఖం ఒక్క క్షణం మారి సర్దుకుంది.

"మా మరదలు గూడ వచ్చిందా? మంచిది. ఇయ్యాల ఏ బటన్ ఒత్తకు మరి," అన్నాడు నవ్వుతూ.

నేనూ నవ్వాను.

ప్రోగ్రాము బాగుంది. నిజంగా బాగుంది. ఒక ఊరి పేరు కొడితే ఆ ఊరి వడ్లన్నీ తెర మీదికి వచ్చాయి. ఒక రోజు తూకాలు అడిగితే అడిగినంతలో వచ్చాయి. బావ చిటిక వేసి మరీ చూపించాడు. మిల్లు సారు ముందుకు వంగి, "అబ్బో, భలే వేగంగా ఉందే," అన్నారు. పటేల్ సారు నా వైపు చూశాడు.

ఆ వేగం నాకు తెలుసు. ఆయన దగ్గర పనిచేసిన రోజుల్లో ఎక్కడికైనా కొత్త సర్వర్ చూపించడానికి పోయే ముందు బావ ఒక చిట్కా చేసేవాడు. టెంపరరీ ఫైళ్లను డిస్క్ మీద కాక మెమరీలోనే పరిచేట్టు ఆ లైన్ మార్చేవాడు. డిస్క్ కన్నా మెమరీ ఎన్నో రెట్లు వేగం కాబట్టి రిపోర్టులు ఎగిరి వచ్చి పడేవి. కొనేవాళ్లు మురిసిపోయేవాళ్లు. ఒప్పుకున్నాక మళ్లీ డిస్క్ మీదికి మార్చేసేవాడు. మెమరీలో పెట్టిన చోటు చిన్నది, పెద్ద రిపోర్టు అడిగితే నిండిపోతుందని ఆయనకు తెలుసు. చూపించే రోజున పెద్ద రిపోర్టు ఎవరూ అడగరని కూడా తెలుసు.

నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే పక్కనున్న పటేల్ సారుకు వినపడుతుందేమో అనుకున్నాను. సంతోషంతో కొట్టుకుంది. ఆ మాట దాచను.

"అక్కా," అన్నాను. "అన్ని మిల్లులు, అన్ని సీజన్లు కలిపి తియ్యి. ఊరి వారీగా, రైతు వారీగా, వడ్ల రకం వారీగా."

బావ తల తిప్పి నన్ను చూశాడు. "గదెందుకు ఇప్పుడు? అంత పెద్దది రోజూ ఎవరు తీస్తరు?"

"ఆఫీసర్లు వస్తే తీస్తరు బావా. గీ మిల్లులనే ఒకసారి అడిగిండ్రు గదా."

"తియ్యవయ్యా, చూద్దాం," అన్నారు మిల్లు సారు.

అక్క బటన్ నొక్కింది. తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. బావ నీళ్లు తాగాడు. కరెంటు గురించి ఏదో అన్నాడు. చక్రం ఆగి, ఎర్రటి అక్షరాలతో ఇంగ్లీషు వాక్యం ఒకటి వచ్చింది. పటేల్ సారు అడిగితే చెప్పాను: "చోటు లేదంటుంది సార్."

"ఏదో లోపం. ఇదిగో చూడండి, మిగతావన్నీ వస్తున్నయి," అంటూ బావ వంగి ఒక ఊరి రిపోర్టు తీశాడు. వచ్చింది. రాకేం, ఆ పెద్ద పని చెడిపోగానే పరిచినవన్నీ ఎత్తేసి ఉంటుంది, మళ్లీ చోటు ఖాళీ.

"పెద్దది ఇంకోసారి తియ్యి అక్కా," అన్నాను.

మళ్లీ అదే ఎర్ర వాక్యం.

మిల్లు సారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఏమైందంటావ్?"

బావ నుదురు తుడుచుకున్నాడు. అప్పుడు ఆయనకు రెండు దారులున్నాయి. వేగం చూపించడానికి నేనే మెమరీలో పెట్టాను, డిస్క్‌కు మారుస్తాను అంటే సరిపోయేది. ముగ్గురూ నవ్వి ఊరుకునేవాళ్లేమో. ఆయన అక్క వైపు చెయ్యి చూపించాడు.

"ఈ సర్వర్ మా ఆమె చూస్కుంటది సార్. నాకు చెప్పకుంట ఏదో మార్చినట్టున్నది."

అక్క చేతులు కీబోర్డు మీద నుంచి ఒళ్లోకి జారాయి. తల వంచుకుంది.

నేను ఎన్ని విధాలుగా ఊహించుకున్నానో ఆ రోజును. ఆయన తడబడటం ఊహించాను, బతిమిలాడటం ఊహించాను. ఇది ఊహించలేదు. నేను విసిరిన రాయి పోయి మా అక్కకు తగిలింది. తగిలాక నాకు జాలి రావాలి, ఆగిపోవాలి. నాకు ఇంకా కోపం పెరిగింది. లేచి టీవీ పక్కకు పోయాను.

"బావా, సెట్టింగుల ఫైల్ తెరువు."

"ఇప్పుడది ఎందుకు?"

"తెరువు. అక్క మార్చిందన్నవ్ గదా, చూద్దాం."

ఆయన కదల్లేదు. అక్కే తల ఎత్తకుండా ఫైల్ తెరిచింది.

"ఆ లైన్ చదువు బావా. సార్లకు వినపడేటట్టు చదువు."

పటేల్ సారు నిమ్మళంగా, "చదువు నాయనా," అన్నాడు. బావ చదివాడు. టెంప్ డైరెక్టరీ, ఈక్వల్ టు, ఆ తర్వాత మెమరీలో ఉండే ఆ చోటు పేరు. ఒక్కో అక్షరం పళ్లు పీకినట్టు చదివాడు.

"సార్, వడ్లు ఆరబోయడానికి రోడ్డు ఉండంగ అరుగు మీద పోసినట్టు," అన్నాను. "అరుగు దగ్గర ఉంటది, చేతికందుతది, కానీ రెండు బస్తాలకే నిండుతది. మీకు వేగం చూపెట్టనీకి బావనే గట్ల పెడతడు. నేను ఆయన కాడ పనిచేసినప్పుడు నా ముందటనే పెట్టేటోడు. అక్కకేం సంబంధం లేదు. బావా, ఇప్పుడు నువ్వే డిస్క్ మీదికి మార్చు."

ఆయన అక్కను లేపి కూర్చున్నాడు. రెండో డిస్క్ మీద ఫోల్డర్ తయారుచేశాడు. నేను వెనక నిలబడి ఒక్కొక్కటే చెప్పాను. అనుమతి ఇయ్యి. లైన్ మార్చు. ఆపు. లేపు. ఆయనకు తెలియక కాదు. అయినా చెప్పాను. ఆయనకు తెలుసు కాబట్టే చెప్పాను. పెద్ద రిపోర్టు మళ్లీ నడిపించాడు. ఈసారి చిటికెలో రాలేదు, అందరూ టీ తాగడం అయిపోయాక వచ్చింది. కానీ వచ్చింది.

అప్పుడు మిల్లు సారు వైపు తిరిగాను. "మీ మిల్లు ఆగిన రోజు గూడ గిదే సార్. చోటు చాలక ఆగింది. ముందే మారుద్దామని అడిగిన, వద్దన్నడు. నేను ఏం ముట్టుకోలే."

"ఏ రోజమ్మా?" అన్నారాయన.

నేను చెప్పాను. సీజన్ రిపోర్టు, ఆగిన ట్రాక్టర్లు. ఆయన కనుబొమలు ముడిచి ఆలోచించారు.

"మీ కాడ హమాలీ చేసేటోడు మా నాయన. మీకు చేతులు జోడించిండు."

"అట్టానా," అన్నారు. ఆయనకు నిజంగానే గుర్తు లేదు. ఇన్నేళ్లూ నేను మోసింది ఆయనకు ఒక ఉదయం కూడా కాదు. మర్యాదకు బావ వైపు చూసి, "ఏమయ్యా, ఆ అమ్మాయి చెప్పేది నిజమేనా?" అని అడిగారు.

"టెన్షన్ల అట్ల అన్న సార్," అన్నాడు బావ.

ఆ పని బావకు ఇవ్వలేదు. ఆ రోజే ఏమీ అనలేదు గానీ, తర్వాత నిజామాబాద్ నుంచి వేరేవాళ్లను పిలిపించారు. నాకు ఆ సాయంత్రం అది సరిపోలేదు. మెట్ల కింద బావ బండి తీస్తుంటే పోయి ఎదురుగా నిలబడ్డాను.

"నాయన కాడికి వచ్చి గా మాట చెప్పు."

"పాతది తవ్వుతున్నవా ఇంక? చాలదా?"

"చాలదు."

"రాకుంటే?"

"నీ ప్రోగ్రాము పెట్టిన ప్రతి దుకాణానికి నేను వస్త బావా. గిట్లనే ఒక రిపోర్టు అడిగి పోత."

ఆయన హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు. కానీ ఆ వచ్చిన ఆదివారం ప్రార్థన అయ్యాక అక్కను ఎక్కించుకుని మా పల్లెకు వచ్చాడు.

నాయన మంచం మీద నుంచి లేచి చోటిచ్చాడు. పక్కింటి పిల్లను పంపి కూల్‌డ్రింక్ తెప్పించాడు. అమ్మ చికెన్ వండింది. బావ పిల్లల చదువు గురించి, వానల గురించి మాట్లాడాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. చివరికి ఆయన గ్లాసు కింద పెట్టి, "మామా, ఆ రోజు మిల్లుల... పిల్ల తప్పేం లేకుండె. నేనే..." అన్నాడు.

"ఇగ గదంత ఎందుకు," అని నాయన గబుక్కున అడ్డుకున్నాడు. ఆయన కళ్లు వంటింటి వైపు పోయాయి.

"చెప్పనియ్యి నాయినా," అన్నాను.

బావ చెప్పాడు. నీతోని తప్పైందనిపించిన, దండం పెట్టించుకున్న అని, నేల చూస్తూ, మొత్తం చెప్పాడు. అమ్మ అప్పుడే అన్నం పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టబోతోంది. ఆ దండం సంగతి అమ్మ అప్పటివరకు వినలేదు. వంగిన మనిషి అట్లాగే ఆగింది. నాయన ముఖం చూసింది. పళ్లెం పెట్టకుండా పైకి ఎత్తుకుని లోపలికి పోయి మూత పెట్టేసింది. మళ్లీ బయటికి రాలేదు.

బావ ఆకలితోనే లేచాడు. నాకు కడుపు నిండినట్టైంది.

నాయన నాతో రెండు మూడు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. "మీ అమ్మకు తెల్వకుంట ఇన్నొద్దులు కాపాడుకున్న. నలుగుర్ల పెట్టినవ్," అని ఒక్కసారే అన్నాడు. అది నేను ఆలోచించని సంగతి. అయినా మళ్లీ ఆ ఆదివారం వస్తే నేను మళ్లీ "చెప్పనియ్యి" అనే అంటాను.

ఆ రోజు వాళ్లు బయలుదేరేటప్పుడు బావ బండి తిప్పుకోవడానికి సందు చివరిదాకా పోయాడు. అక్క చెప్పులు వేసుకుంటూ గడప దగ్గర నా పక్కన ఆగింది. మిల్లులో తనను నేను ఇరికించాను, ఏమంటుందోనని నేను ముఖం తిప్పుకున్నాను.

"పాత సీజన్లన్నీ ఎక్కించమని ఫోన్ వచ్చినప్పుడే నాకు అర్థమైంది, పెద్ద రిపోర్టు అడుగుతవని," అంది అక్క. "ఆ లైన్ యాడికి పెట్టి ఉన్నదో గూడ నాకు తెలుసు. ముందు రోజు నేనే చూసిన."

"మరి బావకు చెప్పలేదా?"

"చెప్పలే."

సందు చివర హారన్ మోగింది. అక్క తొందరపడలేదు. చెప్పు పట్టీ సరిగ్గా ఎక్కించుకుని, కొంగు సర్దుకుని నడుచుకుంటూ పోయింది. బావ ఇంకోసారి హారన్ కొట్టాడు. అది విననట్టు దారిలో కనిపించిన ముసలామెతో నిలబడి మాట్లాడుతోంది.